నిలబెట్టి అడిగినప్పుడు

ఆ శనివారం ఉదయం మా ఫిట్టింగ్ షాపులో ఉన్నవి ఇవి. చెక్క బల్లలు నాలుగు. ఇనుము కదలకుండా పట్టుకోవడానికి వాటికి బిగించిన వైసులు పదహారు. గోడకి తగిలించిన, ఇనుము అరగదీసే ఆకురాళ్ళు, పెద్దవీ చిన్నవీ కలిపి ముప్ఫై. ఒక డబ్బా సుద్దముక్కలు. మంచినీళ్ళ కుండ, దాని మీద సత్తు గ్లాసు. రోడ్డు వైపు ఒక కిటికీ. మిరపకాయ బస్తాల బళ్ళు వెళ్ళినప్పుడల్లా ఆ కిటికీలోంచి వచ్చే ఘాటు. విద్యార్థులు పదిహేను మంది. నేను.

పదహారో వైసు దగ్గర ఎవరూ లేరు. దాని దవడల మధ్య సగం అరగదీసిన ఇనుప ముక్క ఒకటి అట్లాగే బిగించి ఉంది. దాన్ని తీసేసి స్టోరుకి పంపమని గుమాస్తా రెండుసార్లు కబురు చేశాడు. ఉండనివ్వమన్నాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. నాకప్పుడు ఇరవై మూడు. డిప్లొమా పూర్తిచేసి, గుంటూరు ఊరి చివర ఒక టెక్నికల్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. విద్యార్థులకీ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. అందుకే ఆ పని నా నెత్తిన పడింది.

పని ఏమిటంటే, విశ్వవిద్యాలయం నుంచి కాలేజీలన్నిటికీ ఒక ఉత్తరువు వచ్చింది. పరీక్షల్లో కాపీ కొట్టారనీ, హాస్టల్లో అల్లరి చేశారనీ విద్యార్థుల మీద ఆరోపణలు వస్తే విచారణ జరుపుతారు కదా; ఆ విచారణ జరిగే తీరు గురించి విద్యార్థులే ఏమనుకుంటున్నారో తెలుసుకుని రాసి పంపమన్నారు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఆ కాయితం నా చేతికిచ్చారు.

"నాలాంటి ముసలాణ్ణి చూస్తే వాళ్ళు నమస్కారం తప్ప ఇంకేమీ చెప్పరు. నువ్వు కనుక్కో."

ఆయన నాకు డ్రాయింగు చెప్పిన గురువు. గీత మందం చూసి ఏ నెంబరు పెన్సిలో చెప్పేవారు.

సరిగ్గా ఆ వారంలోనే మా కాలేజీలో ఒక విచారణ జరిగి ఉంది. పదహారో వైసు కుర్రాడిదే. మంగళగిరి పక్క పల్లె. వాళ్ళ నాన్న దూదేకుల ఆయన. విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులకీ దిండ్లకీ పత్తి ఏకుతాడు. అమ్మ మిరప కల్లాల్లో కూలికి వెళ్ళి తాలుకాయలు ఏరుతుంది. ఆ ఇంట్లో పలక పట్టిన మొదటివాడు ఇతనే. ఫిబ్రవరి పరీక్షల్లో లెక్కల పేపరు రోజున ఒళ్ళో చేతిరుమాలు పెట్టుకుని మాటిమాటికీ దాన్ని చూస్తున్నాడనీ, రుమాలు మీద సిరాతో అంకెలున్నాయనీ పట్టుకున్నారు. విచారణలో అతను ఒక్క మాటా మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టే అని రాసుకున్నారు. రుమాలూ, సగం రాసిన జవాబు పుస్తకమూ కవర్లో పెట్టి లక్క సీలు వేశారు. ఆ కవరు వచ్చే శుక్రవారం విశ్వవిద్యాలయానికి పోస్టులో వెళ్ళాలి. వెళితే రెండేళ్ళు పరీక్ష రాయనివ్వరు. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని మళ్ళీ చదువుకి రాగల ఇల్లు కాదది.

పట్టుకున్నది ఎవరో కాదు, లెక్కల మేష్టారే. సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ఆ కుర్రాడికి లెక్కలు చెప్పింది కూడా ఆయనే. అందుకే ఆయన మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన కావాలని ఎవరి మీదా నింద వేసే మనిషి కాదు. ఆ వారమంతా ఆయన స్టాఫు గదిలో టీ కూడా ముట్టలేదు.

నేను నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. అయిదు ప్రశ్నలు తయారుచేసి నల్లబల్ల మీద రాశాను. తలా ఒక చీటీ ఇచ్చి, పేర్లు రాయొద్దని రెండుసార్లు చెప్పాను. ఆ క్లాసులో అతను పోను నలభై రెండు మంది. చీటీలన్నీ తిరిగొచ్చాయి. "అంతా బాగానే ఉన్నదండి" అని రాసినవి ముప్ఫై ఒకటి. ఖాళీవి ఏడు. హాస్టలు సాంబారు గురించి రెండు. శివరాత్రికి ఇంకో రోజు సెలవు కావాలని ఒకటి. చివరిదాంట్లో ఆకురాయి బొమ్మ ఉంది, కొలతలతో సహా. బొమ్మ బాగానే గీశాడు.

ఆ చీటీలు జేబులో పెట్టుకునే ఆ శనివారం షాపుకి వచ్చాను. పదిహేనో వైసు దగ్గర తుళ్ళూరు వైపు రైతు బిడ్డ ఒకడుండేవాడు. పదహారో వాడికి స్నేహితుడు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది. నేను అతని ఇనుప ముక్క మీద మట్టం పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తున్నాను.

"ఈ మూల ఇంకా ఎత్తుగా ఉంది. కొంచెం పట్టు."

అతను ఆకురాయి అందుకుని పట్టడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ చీటీల్లో ఎవడు రాస్తాడు సార్! మా అక్షరాలు మీకు తెలీవా ఏంది?"

నిజమే. ఏడాదిన్నరగా వాళ్ళ రికార్డులు దిద్దుతున్నాను.

"పోనీ, ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పమంటారు. వాణ్ణి ఆ గదిలో నిలబెట్టారు. బల్లకి అవతల ముగ్గురు పెద్దోళ్ళు. పక్కన లెక్కల మేష్టారు. మేష్టారు చెప్పింది నిజమేనా అని అడిగారంట." గరగరమని నాలుగు పట్లు పట్టాడు. "కాదు అంటే ఏమైద్ది సార్? ఆయన మొహం మీదే మీరు అబద్ధమాడారు అన్నట్టే గదా. ఆయన అరుగు మీద అన్నం తిన్నోడు ఎట్టా అంటాడు?"

"మరి నువ్వడిగావా? ఏం జరిగిందని?"

"అడిగా. కాయలేరి వచ్చానురా, కళ్ళు మండినయ్యిరా అని అంటాడు, ఇంక ఏడుస్తాడు. మూట కట్టుకుని పోయాడు. వాళ్ళ నాయన రెండో విల్లు సిద్ధం చేస్తున్నాడంట."

అంత మాట్లాడీ అతను ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. చూపు ఇనుము మీదే ఉంది. నాకు మా నాయనమ్మ కల్లం గుర్తొచ్చింది. మాదీ మిరప పండే ఊరే. కాయలు కుప్పపోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరేటప్పుడు, ఇంట్లో ఎవరితోనూ అనలేని మాటలన్నీ అక్కడ బయటికి వచ్చేవి. అత్తగారి మాట కోడలూ, కోడలి మాట అత్తగారూ ఒకే కుప్ప దగ్గర చెప్పుకునేవాళ్ళు. అందరి కళ్ళూ కాయల మీదే ఉండేవి. ఎవరూ ఎవరికీ ఎదురుగా నిలబడి జవాబు చెప్పనక్కర్లేదు.

పైగా ఫిట్టింగ్ షాపుకి ఇంకో సదుపాయం ఉంది. పదిహేను ఆకురాళ్ళు ఒకేసారి పడుతుంటే పక్క వైసు వాడికి కూడా మన మాట వినపడదు.

ఒకటో వైసు దగ్గరికి వెళ్ళాను. మట్టం పెట్టాను. ఎత్తు చూపించాను. పట్టమన్నాను. పడుతుంటే అడిగాను. పేరు రాయననీ, ఇప్పుడసలు కాయితమే తియ్యననీ ముందే చెప్పాను. ఆ బల్ల నుంచి ఈ బల్లకి వచ్చేసరికి నాకు చీటీల్లో రానిదంతా వచ్చింది.

"కూర్చోమనరండి. నిలబడ్డవాడు సగం దొంగ కింద లెక్క."

"నన్నొకసారి సైకిలు బెల్లు పోయిందని పిలిచారండి. కంగారులో మా ఊరి పేరు మర్చిపోయాను. బెల్లు తర్వాత వార్డెను గారి గదిలోనే దొరికింది లెండి. ఎవరూ ఏమీ అనలేదు."

"ఏమనాలిరా?" అన్నాను.

"దొరికిందిరా అంటే చాలుగా సార్."

ఒంగోలు నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు మాత్రం వేరేగా చెప్పాడు. "నాకైతే ఎదురెదురుగా పెట్టడమే మంచిదండి. లేకపోతే వెనకాల ఏమేం చెప్పారో నాకెట్టా తెలుస్తుంది? కాకపోతే ముందు నన్నొక్కణ్ణే అడగాలి. కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి."

అప్పుడే రోడ్డు మీద బస్తాల బండి వెళ్ళింది. అందరం తుమ్మాం. "సార్, ఇది కూడా రాయండి," అన్నాడు ఎవరో. షాపంతా నవ్వింది.

క్లాసులో మిగతా రెండు జట్లనీ సోమ, మంగళవారాల్లో అదే తీరున అడిగాను. సాయంత్రం గదికి వెళ్ళాకే గుర్తున్నది గుర్తున్నట్టు రాసుకున్నాను. బుధవారం నివేదిక పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. నలభై రెండు మందిలో, ఆరోపించిన పెద్దవాళ్ళు ఎదురుగా ఉంటే కాదని చెప్పలేమన్నవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. ముందు విడిగా, కూర్చోబెట్టి అడగాలని అందరూ అన్నారు. వెనకాల ఏం చెప్పారో తనకి తెలియాలన్న ఒంగోలు కుర్రాడి మాటా రాశాను. అది ఒక్కడి మాటే అయినా నాకు సబబనిపించింది.

ఆయన మొత్తం చదివారు. మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివారు.

"నేను వకీలు కొడుకునయ్యా," అన్నారు. "మా నాన్నగారు ఎప్పుడూ చెప్పేవారు, నింద మోపినవాణ్ణి నింద పడ్డవాడి ఎదుటే నిలబెట్టాలని. అదే న్యాయమనుకున్నాను. తప్పు లేనివాడైతే లేదంటాడు కదా అనుకున్నాను." నివేదిక మడిచి, "మా నాన్నగారికి శిష్యులు లేరు, క్లయింట్లే," అన్నారు.

నేను ఆ కుర్రాడి సంగతి ఎత్తలేదు. ఎత్తకుండా ఎట్లా ఎత్తాలా అని ఆలోచిస్తున్నాను. ఆయనే అన్నారు.

"కవరు ఎల్లుండి పోవాలి. రేపు వెళ్ళి తీసుకురా వాణ్ణి."

గురువారం పొద్దున్నే తుళ్ళూరు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కాను. మంగళగిరిలో దిగి చేలగట్ల మీద నడిచాం. రెండు వైపులా ఎండబోసిన మిరపకాయలు. కల్లం దాటుతుంటే నా కళ్ళూ నీళ్ళు పెట్టాయి. "తుడుచుకోకండి సార్, ఇంకా మండుద్ది. ఊరికే కారనివ్వండి," అన్నాడు స్నేహితుడు.

ఒక నేతపని వాళ్ళ పంచలో తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నారు. తండ్రి విల్లు మీటుతున్నాడు. నారి డుం డుం అంటుంటే పత్తి నురగలాగా లేచి పడుతోంది. కుర్రాడు ఏకిన దూదిని పరుపు సంచిలో కూరుతున్నాడు. తల మీదా కనుబొమల మీదా దూది. నన్ను చూసి చటుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, అప్పుడే ముసలాడివైపోయావా!" అన్నాడు స్నేహితుడు అతని జుట్టు దులుపుతూ. కుర్రాడు నవ్వబోయి ఆపుకున్నాడు.

తండ్రి విల్లు గోడకి ఆనించి నా కోసం గోనెపట్టా పరిచాడు.

"మావాడు తప్పు చేశాడాండీ?"

"నాకు తెలియదండీ. అడుగుదామనే వచ్చాం."

"మేమూ అడగలేదండీ. అంత చదువుకున్న పెద్దలు చెప్పాక మళ్ళీ ఇంట్లో అడిగేదేముందని. అన్నం పెట్టాం, అంతే." కొడుకు వైపు చూడకుండా, పట్టా మీద దూది ఏరుతూ అన్నాడు. "వాడు మాత్రం విల్లు సరిగ్గా పట్టుకోవట్లేదండి. చెయ్యి తిరగట్లేదు. మనసు ఇక్కడ లేదు."

"వైసు అట్లాగే ఉంచాం," అన్నాను కుర్రాడితో. "నీ ముక్క దాంట్లోనే ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాశాను."

అతని కళ్ళు నిండాయి. వాళ్ళమ్మ కల్లానికి వెళ్ళి ఉంది. ఆమెకి చెప్పి రమ్మని తండ్రే పంపాడు. వచ్చేటప్పుడు అతని చేతిలో ఉతికి మడతపెట్టిన చొక్కా ఉంది. మధ్యాహ్నం బస్సుకి ముగ్గురం గుంటూరు చేరాం.

శుక్రవారం ఉదయం ప్రిన్సిపాల్ గారి గదిలో ఆయనా, ఆ కుర్రాడూ, నేనూ ఉన్నాం. పెద్ద బల్లకి అవతలున్న తన కుర్చీలో ఆయన కూర్చోలేదు. కిటికీ దగ్గర రెండు స్టూళ్ళు వేయించారు. ఒకదాని మీద తను కూర్చుని, రెండోదాని మీద కూర్చోమని అతనికి చెప్పారు. అతను కూర్చోలేదు. నాకు భయం వేసింది, మళ్ళీ అదే జరుగుతుందేమోనని.

ప్రిన్సిపాల్ గారు సొరుగు లాగి గుప్పెడు పెన్సిళ్ళూ, రెండు బ్లేడులూ తీశారు.

"ఇవి చెక్కిపెట్టు. ఉలి మొన రావాలి. నిలబడి చెక్కితే మొన విరుగుతుంది, కూర్చో."

పని చెప్పేసరికి కూర్చున్నాడు. ఆయన కూడా ఒక పెన్సిలు తీసుకుని చెక్కడం మొదలుపెట్టారు. ఇద్దరి చూపూ మొనల మీదే. చెరి రెండు పెన్సిళ్ళూ చెక్కడం అయింది.

"ఆ ముందు రోజు ఎక్కడున్నావు?" అన్నారు ఆయన, మొన ఊదుకుంటూ.

"కల్లంలోనండి. అమ్మకి ఒంట్లో బాగుండకపోతే నేను వెళ్ళి ఏరానండి."

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానండి. పోదండి అది. పొద్దున కన్ను నలుపుకున్నాను." బ్లేడు ఆగలేదు. "హాల్లో నీళ్ళు కారటం మొదలైందండి. రాసిన లెక్క మీద పడ్డాయి. సిరా పాకుతుందని రుమాలుతో అద్ది, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొడి చోటు చూసుకున్నాను. మళ్ళీ పడ్డాయి. మళ్ళీ అద్దాను."

ప్రిన్సిపాల్ గారు పెన్సిలు కింద పెట్టారు. నా వైపు చూడకుండానే, "మేష్టార్ని పిలుచుకురా," అన్నారు.

నేను తిరిగొచ్చేసరికి కవరు సీలు పగలగొట్టి ఉంది. లెక్కల మేష్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. కుర్రాడు లేవబోతే ప్రిన్సిపాల్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. అతను చెప్పిందంతా ఆయనే చెప్పారు. కుర్రాడి చేత మళ్ళీ చెప్పించలేదు.

మేష్టారు రుమాలు తీసి కిటికీ దగ్గర విప్పారు. పల్చటి మల్లుగుడ్డ. ఒక వైపు నుంచి అంకెలు మామూలుగా, చదవడానికి వీలుగా కనపడుతున్నాయి. తిప్పారు. రెండో వైపు అవే అంకెలు అద్దంలో లాగా తిరగబడి ఉన్నాయి, సిరా కూడా అటువైపే చిక్కగా ఉంది. చేత్తో రాసింది అట్లా రాదు. తడి కాయితం మీద అద్దితేనే వస్తుంది. సిరా గుడ్డలోంచి ఇవతలికి దిగి, ఒళ్ళో పెట్టుకున్నప్పుడు రాసి తెచ్చుకున్నట్టే కనపడి ఉంటుంది. జవాబు పుస్తకంలో ఆ పేజీ తీసి, పాకిన వరస మీద రుమాలు పరిచారు. ట్రేసింగు కాయితంలా వరస మీద వరస కూర్చుంది.

మేష్టారు ఆ గుడ్డని చాలాసేపు అట్లాగే నొక్కి పట్టుకున్నారు.

"లెక్క కూడా సరిగ్గానే చేశాడండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారితో. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "ఏరా, నాతో ఒక్క మాట చెప్పకూడదట్రా? సాయంత్రం ఇంటికొచ్చి అయినా?"

"మీరు చూశాను అన్నాక నేను లేదని ఎట్టా అంటానండీ?"

"అనాలిరా. నేను తప్పు చేస్తే బోర్డు మీద దిద్దేవాడివిగా. మొన్న గుణకారంలో దిద్దలా?"

"అది లెక్కండి," అన్నాడు కుర్రాడు.

మేష్టారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంకో స్టూలు లేకపోవడంతో కిటికీ గట్టు మీదే కూర్చుని, పక్కనున్న పెన్సిలొకటి తీసుకుని బ్లేడు కోసం చెయ్యి చాపారు. చెక్కడం ఆయనకి చేతకాదు. రెండు మొనలు విరగ్గొట్టారు. ప్రిన్సిపాల్ గారు ఇంకో పెన్సిలు అందించారు.

ఆ మధ్యాహ్నం ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నట్టు మేష్టారే రాసిచ్చారు. జవాబు పుస్తకం మిగతా పుస్తకాలతో పాటు దిద్దడానికి వెళ్ళింది. నా నివేదిక విడిగా వెళ్ళింది. విశ్వవిద్యాలయం దాన్ని ఏం చేసిందో నాకు తెలియదు. మా కాలేజీలో మాత్రం ఆ తర్వాత విచారణ అంటే ముందు విడిగా, కూర్చోబెట్టి అడిగేవారు. తర్వాతే ఇద్దర్నీ కలిపేవారు. ఆ రెండు స్టూళ్ళూ కిటికీ దగ్గరే ఉండిపోయాయి. మూడోది మేష్టారు తన గదిలోంచి తెచ్చి వేశారు.

మర్నాడు శనివారం. మళ్ళీ అదే జట్టు. పదహారో వైసులో ముక్క మీద నూనె తుడిచి అతను ఆకురాయి అందుకున్నాడు. నేను మట్టం పెట్టి చూపించాను, అతను పట్టాడు. కిటికీలోంచి ఘాటు వస్తే తుమ్మాడు కానీ కళ్ళు తుడుచుకోలేదు. పదిహేనో వైసు ఖాళీగా ఉంది. తుళ్ళూరు స్నేహితుడు, గురువారం ఇంటి పనికి వెళ్ళాల్సినవాడు మాతో తిరిగాడు కాబట్టి దానికి బదులుగా, వాళ్ళ కల్లం ఎత్తడానికి ఊరికి వెళ్ళాడు. "వాడి ముక్క కదపకండి సార్," అన్నాడు పదహారో వాడు. నూనె సీసా అతనికే ఇచ్చాను.

హాజరు: పదిహేను.